వన్‌టౌన్ కబుర్లు – 14: కెనానా, నికానా?



కిందటి ఆదివారం గాజువాక నుంచి ఒక కుర్రాడు మా ఇంటికొచ్చాడు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు లేబరు. వీడు రాత్రిళ్ళు డెలివరీ పని చేసి పదహారు వేలు కూడబెట్టాడు. కెమెరా కొనాలి. సెకండ్ హ్యాండ్‌లో రెండు డీఎస్‌ఎల్‌ఆర్‌లు చూసి పెట్టుకున్నాడు, ఒకటి కెనాన్, ఒకటి నికాన్. "అన్నా, ఏది తీసుకోమంటావ్?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. 2012లో ఇదే ప్రశ్న పట్టుకుని నేను రెండు నెలలు నిద్ర పోలేదు. వాడికి అరగంటలో చెప్పి పంపించేశాను గానీ, వాడు వెళ్ళాక ఆ రెండు నెలలూ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. అందులో కెమెరా సంగతి సగమే. మిగతా సగం మా నాన్న ఫొటో, మా అమ్మ ఫొటో, లక్షింపేటలో ఒక ముసలామె ఫొటో. అందుకే ఈ వారం ఇది.

ముందు నాన్న సంగతి.

ఈ కబుర్లు మొదటి నుంచి చదివేవాళ్ళకి తెలుసు, మాది రెల్లి కులం. మా ఆడోళ్ళు పళ్ళమ్ముతారు, మా మొగోళ్ళు ఊరు ఊడుస్తారు. మా నాన్న మున్సిపాలిటీలో ఊడ్చాడు. 2006లో పోయాడు. దినం నాటికి ఫొటో కావాలి కదా, దండ వెయ్యడానికి. ఇల్లంతా వెతికితే ఆయనది ఒకే ఒక్క ఫొటో దొరికింది. ఉద్యోగం గుర్తింపు కార్డు మీద అంటించిన స్టాంపు సైజు ఫొటో. దాని మీద కూడా ఆఫీసు ముద్ర సగం గెడ్డం మీద పడింది. నలభై ఏళ్ళకి పైగా ఈ ఊళ్ళో బతికిన మనిషికి ఒక్క ఫొటో, అదీ ఆయన అడిగి తీయించుకున్నది కాదు.

దాన్నే ఒక స్టూడియోకి పట్టుకెళ్ళాను. పెద్దది చేసి ఫ్రేము కట్టి ఇచ్చారు. ముద్ర తీసేశారు. కోటు తొడిగారు, టై కట్టారు. కోటు మీద నాకు పేచీ లేదు, బాబాసాహెబ్ కూడా కోటులోనే ఉంటాడు. పేచీ రంగు మీద. మా నాన్నది చింతపిక్క రంగు. పొద్దున్న ఊడ్చి వచ్చి అరుగు మీద కూర్చుంటే చెమటకి నుదురు నిగనిగలాడేది. ఫ్రేములో ఉన్నాయన మొహం వెన్న రాసినట్టుంది. నేను ఆ మనిషిని ఎప్పుడూ చూడలేదు.

"ఏట్రా అలాగ సూస్తన్నావు? మీ నాన్న బాగున్నాడు కదా, దొరలాగ" అంది అమ్మ. దండ వేసింది. నేను ఊరుకున్నాను. అమ్మ ఆ మాట అన్నట్టు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

లక్షింపేట సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2012 జూన్ 12. అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం. మడ్డువలస ప్రాజెక్టు కోసం సర్కారు తీసుకున్న భూమిలో మునగకుండా మిగిలినదాన్ని దళితులు దున్నుకుంటున్నారు. అది ఊళ్ళో పెద్ద కులం వాళ్ళకి గిట్టలేదు. ఆ పొద్దున్న మీద పడి ఐదుగుర్ని చంపేశారు. ఎంతోమందికి కాళ్ళూ చేతులూ విరిగాయి. కొద్ది రోజుల తర్వాత వైజాగ్ నుంచి మేం కొంతమందిమి బస్సులో రాజాం వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో చేరాం. మాలో ఎవరి దగ్గరా కెమెరా లేదు. నా దగ్గర రెండు మెగాపిక్సెల్ కెమెరా ఉన్న నోకియా ఫోను ఉంది, అదే గొప్ప.

ఒక ముసలామె గుమ్మం ముందు కూర్చుని ఉంది. నేను ఫోనుతో అటూ ఇటూ తీస్తుంటే పిలిచింది. "నన్ను కూడా తియ్యి బాబూ" అంది. తీశాను. "ఏదీ, సూపించు" అంది. చూపించాను. చాలాసేపు చూసింది. ఫోను కొంచెం దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది.

"ఇందులో నానేది బాబూ?" అంది.

నిజంగానే లేదు. వెనక తెల్లటి ఆకాశం బ్రహ్మాండంగా వచ్చింది. గుమ్మం వచ్చింది. ఆమె మొహం ఉండాల్సిన చోట నల్లటి మరక ఉంది. కళ్ళు లేవు, నోరు లేదు. ఇంకా ఏడెనిమిది ఫొటోలు తీశాను, అన్నీ అంతే. మేం తిరిగొచ్చాక ఒక పత్రికకి పంపితే "క్లారిటీ లేదు సార్" అన్నారు. వాళ్ళని అనడానికేం లేదు. నిజమే, క్లారిటీ లేదు.

బస్సులో వస్తూ అనుకున్నాను, కెమెరా కొనాలని.

అప్పుడు నాకు పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో డేటా ఎంట్రీ పని. జీతం ఎనిమిది వేలు. కెమెరా అంటే తక్కువలో తక్కువ పాతిక పైన. ఇంట్లో ఉన్న డబ్బల్లా అమ్మ కట్టే చీటీ. ముప్ఫై వేల చీటీ, ఆ ఆషాఢంలో పాడుకోవాలని అనుకుంది. ఎందుకంటే మా ఇంటి పైన సిమెంటు రేకులు పగిలి రెండేళ్ళయింది. వానొస్తే వంటింట్లో మూడు గిన్నెలు పెట్టాలి. ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో మాకు బట్టీ వచ్చేసింది.

నేను అమ్మని కెమెరా అడగలేదు. అని రాద్దామనుకున్నాను గానీ అది అబద్ధం. మూడు రోజులు మొహం మాడ్చుకుని ఇంట్లో తిరిగాను. అడగడమంటే అదే కదా. నాలుగో రోజు అమ్మ, "రేకులు వచ్చే ఏడు ఏద్దుంలే. గిన్నెలున్నాయి కదా" అంది. చీటీ పాడింది. పాట తగ్గింపు పోను చేతికి ఇరవై ఎనిమిది వేల చిల్లర వచ్చింది.

ఇక మొదలైంది అసలు రామాయణం. మాట అలవాటుగా వచ్చింది, మన్నించండి.

మీరు ఎన్టీఆర్–ఏఎన్నార్ ఫ్యాన్స్‌ని చూసుంటారు, చిరంజీవి–బాలకృష్ణ ఫ్యాన్స్‌ని చూసుంటారు. కెనాన్–నికాన్ వాళ్ళు అంతకి రెండాకులు ఎక్కువ చదివారు. ఎవర్ని అడిగినా ఖచ్చితంగా చెప్తారు. ఎవరి మాటా ఇంకొకరికి పొసగదు. నా డబ్బుకి అందేవి రెండే రెండు, కెనాన్ 1100డి, నికాన్ డి3100. వాటి పైమెట్టు, కెనాన్ 600డి లాంటిది, నలభై వేల పైమాట. నికాన్ డి3200 అప్పుడే కొత్తగా వచ్చింది, 24 మెగాపిక్సెల్స్ అట. అద్దంలోంచి చూసి దండం పెట్టుకోవడమే.

రాత్రిళ్ళు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని లెక్కలు రాసుకునేవాణ్ణి. 1100డికి 12 మెగాపిక్సెల్స్, డి3100కి 14. వీడియో అయితే దానికి 720, దీనికి 1080. ఫోకస్ చుక్కలు దానికి తొమ్మిది, దీనికి పదకొండు. పరీక్షకి చదివినట్టు చదివాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. 12కీ 14కీ ఉన్న తేడా మా వీధిలో ఏ కంటికీ ఆనదు. ఆ అంకెలు చూసి కొనేవాళ్ళకి అంకెలే మిగులుతాయి.

జగదాంబ వైపు ఒక షాపుకి వెళ్ళాను. పేరెందుకు లెండి. మొదటి రోజు ఆఫీసు నుంచి అలాగే చెప్పులతో, చెమట చొక్కాతో వెళ్ళాను. అద్దాల బీరువా తీయలేదు. కాగితం ఒకటి చేతిలో పెట్టి "రేట్లు అందులో ఉన్నాయి" అన్నాడు. రెండో రోజు మా ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే స్నేహితుణ్ణి వెంటబెట్టుకెళ్ళాను. ఏసీ పెంచాడు, బీరువా తీశాడు, రెండు కెమెరాలూ బల్ల మీద పెట్టాడు. చేతిలోకి తీసుకున్నాను. కెనాన్ తేలిగ్గా ఉంది, నికాన్ పిడి చేతికి కుదిరింది. మొదటిసారి అద్దం లేపుకుని టక్ మన్న శబ్దం వింటే ఒళ్ళు జలదరించింది. అబద్ధం ఎందుకు, ఉద్యమం గిద్యమం ఆ నిమిషంలో ఏదీ గుర్తు లేదు.

"దేనికి సార్, మ్యారేజెస్‌కా?" అన్నాడు.

మనుషుల్ని తీయడానికి అన్నాను.

"అయితే కళ్ళు మూసుకుని కెనాన్ తీసుకోండి. స్కిన్ టోన్ సూపరు. ఫేసులు ఫెయిర్‌గా వస్తాయి. నికాన్ అంటే చెట్లూ, కొండలూ అలాంటివాటికి. మనుషులు కొంచెం డల్‌గా వస్తారు."

ఈ మాట వాడొక్కడిదే కాదు. మా చుట్టుపక్కల పెళ్ళి ఫొటోగ్రాఫర్లు ఎవర్ని కదిపినా ఇదే. కెనాన్ అయితే పెళ్ళికూతురు తెల్లగా వస్తుంది. పెళ్ళికూతురు తెల్లగా వస్తే పార్టీ డబ్బులిస్తుంది. అదొక లెక్క. కానీ నాకు ఆ షాపులో వెన్న రాసిన మా నాన్న మొహం కనపడింది. ఫెయిర్ అన్న మాట దగ్గరే నా మనసు విరిగిపోయింది. కెనాన్ కొనకూడదు అనుకున్నాను.

ఎంత తెలివితక్కువ కారణమో చూడండి. కెనాన్ వాడు ఏ రంగు మనిషినీ తెల్లబరచడు. రెండు కంపెనీల వాళ్ళూ జేపెగ్ తయారు చేసేటప్పుడు రంగులు కాస్త అటూ ఇటూగా వండుతారు, అంతే. ఎరుపు కొంచెం ఎక్కువ, పసుపు కొంచెం తక్కువ. అది కెమెరా మెనూలోనే మార్చుకోవచ్చు. రా ఫైలు తీసుకుంటే వంట మన చేతిలోనే ఉంటుంది. తెల్లబరిచేది ఆ తర్వాత ఫొటోషాప్ ముందు కూర్చునేవాడు. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు.

అప్పుడు తెలిసినవాడు ఒకాయన ఉన్నాడు. పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు, యూనియన్ మనిషి. బౌద్ధం తీసుకున్నాడు, పున్నమి పున్నమికీ బొజ్జన్నకొండ వెళ్ళేవాడు. నేను మావయ్యా అని పిలిచేవాణ్ణి. ఆయన దగ్గర పాత నికాన్ ఫిలిం కెమెరా ఒకటి ఉండేది. డెబ్బయ్యో పడిలో చూపు తగ్గి పక్కన పెట్టేశాడు. ఆయన్ని అడిగాను, కెనానా, నికానా అని.

"ఒరే అబ్బాయ్, నువ్వు బుద్ధుణ్ణి నమ్మేవాడివైతే కెనానే కొనాలి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. చెప్పాడు. 1934లో జపాన్‌లో వాళ్ళు తయారు చేసిన మొదటి నమూనా కెమెరాకి క్వానన్ అని పేరు పెట్టారట. అవలోకితేశ్వరుణ్ణి జపాన్ వాళ్ళు ఆ పేరుతో కొలుస్తారు, కరుణకి బోధిసత్వుడు. దాని లెన్సుకి పెట్టిన పేరు బుద్ధుడి శిష్యుడు కశ్యపుడిది. ఆ క్వాననే తర్వాత కెనాన్ అయింది. సరే, అంతలో ఇంకోటి చెప్పాడు. రెండేళ్ళకి ఆ కంపెనీ అమ్మిన మొదటి కెమెరాకి లెన్సు చేసే తాహతు వాళ్ళకి లేదు. చేసిచ్చింది ఎవరనుకున్నారు? ఇప్పుడు నికాన్ అంటున్నామే, వాళ్ళే. నిక్కర్ లెన్సు పెట్టుకునే మొదటి కెనాన్ బజారుకొచ్చింది.

"ఫ్యాన్సు కొట్టుకు చస్తారు గానీ హీరోలిద్దరూ ఒకే కంచంలో తిన్నోళ్ళురా" అని నవ్వాడు. తర్వాత పెట్టె తీసి ఒక లెన్సు నా చేతిలో పెట్టాడు. 50 ఎంఎం, ఎఫ్ 1.8. "నువ్వు నికాన్ కొంటే ఇది నీదే. కెనాన్ కొంటే మాత్రం దీంతో పని లేదు. పళ్ళెం వేరు."

ఆయన పళ్ళెం అన్నది మౌంటు గురించి. లెన్సు బాడీకి తగులుకునే చోటు. నికాన్ వాళ్ళది 1959 నుంచి అదే ఆకారం. కెనాన్ వాళ్ళు 1987లో పాతది వదిలేసి కొత్తది పెట్టారు. ఒకదాని లెన్సు ఇంకోదానికి ఎక్కదు. అందుకే మొదటి కెమెరా కొనేటప్పుడు మనం కొనేది కెమెరాని కాదు, ఒక ఇంటి సంబంధం అనుకోండి. రేపు కొనబోయే లెన్సులు, అడిగి తెచ్చుకోబోయే లెన్సులు అన్నీ ఆ ఇంటివే.

ఆ రోజుల్లోనే కోడాక్ గురించి చదివాను. ఫిలిం కాలంలో ల్యాబులకి కోడాక్ వాళ్ళు ఒక నమూనా ఫొటో పంపేవాళ్ళు. అందులో ఒక తెల్ల అమ్మాయి. మొదట ఫొటో దిగిన అమ్మాయి పేరు షెర్లీ, తర్వాత ఎవరు దిగినా ఆ కార్డుకి షెర్లీ కార్డు అనే పేరే ఉండిపోయింది. ల్యాబు వాడు ఆ అమ్మాయి చర్మం సరిగ్గా వచ్చేలా మిషన్ సరిచేసుకోవాలి. అదే అందరికీ కొలబద్ద. నల్ల పిల్లలూ తెల్ల పిల్లలూ కలిసి స్కూల్ ఫొటో దిగితే నల్ల పిల్లల మొహాల్లో కళ్ళూ పళ్ళూ మాత్రమే మిగిలేవి. ఫిలింని బాగుచెయ్యమని గట్టిగా అడిగింది ఎవరో తెలుసా? చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాను కంపెనీలు. మా చాక్లెట్ రంగు సరిగ్గా రావట్లేదు, మా బీరువా చెక్క ఛాయ తెలియట్లేదు అని. మనుషుల తల్లులు అంతకుముందు నుంచే అంటున్నారు, వాళ్ళ మాట ఎవరికీ వినపడలేదు.

పోలరాయిడ్ కథ ఇంకొకటి. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళు జేబులో పెట్టుకు తిరగాల్సిన పాస్‌బుక్కుల ఫొటోలకి ఆ కంపెనీ సామాను వాడుతున్నారని 1970లో అక్కడే పనిచేసే ఇద్దరు, కరొలిన్ హంటర్, కెన్ విలియమ్స్ అనే నల్లజాతి ఉద్యోగులు పట్టుకున్నారు. ఉద్యోగాలు పోయినా వదల్లేదు. 1977లో కంపెనీ ఆ దేశం వదిలేసింది. మా నాన్న కార్డు మీద ముద్ర నాకు అప్పుడు ఇంకోలా కనపడింది.

ఇదంతా చదివాక అంకెల కాగితం మళ్ళీ తీశాను. ఈసారి మెగాపిక్సెల్స్ చూడలేదు. మీటరు గురించి ఏం రాశారో చూశాను. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఉంటుంది. ఎదురుగా ఉన్నదంతా కలిపితే సగటున ఒక నడిమి బూడిద రంగు అవుతుందని దాని నమ్మకం. ఎన్ని తెలివితేటలు కలిపినా మూలం అదే. ఇప్పుడు లక్షింపేట ముసలామెని తల్చుకోండి. వెనక ముప్పావు వంతు తెల్లటి ఆకాశం. మీటరు ఆకాశాన్ని చూసి బెదిరి మొత్తం ఫొటోని చీకటి చేస్తుంది. అసలే నల్లగా ఉన్న మొహం బొగ్గవుతుంది. దీనికి మందు స్పాట్ మీటరింగ్. నడిమధ్య చిన్న చుక్కంత చోటు మాత్రమే కొలిచి, మిగతా లోకాన్ని వదిలెయ్యమని చెప్పడం. ఆ చుక్క ఆమె చెంప మీద పెడితే ఆకాశం ఎలా పోయినా ఆమె ఉంటుంది.

కాగితంలో ఉంది. డి3100కి స్పాట్ ఉంది. 1100డికి లేదు. దానికి పార్షియల్ అని ఉంది, చట్రంలో ఇంచుమించు పదో వంతు కొలుస్తుంది. దగ్గర మొహానికి అదీ చాలు, దూరం మొహానికి చాలదు. 600డికి స్పాట్ ఉంది గానీ నలభై వేలు లేవు.

అలా తేలింది. షాపు వాడి మీద కోపం, మావయ్య లెన్సు, చెంప మీద చుక్క. ఈ మూడింటిలో ఒక్కటే సరైన కారణం.

జూలైలో కొన్నాను. ఇంటికి తెస్తే అమ్మ డబ్బాకి పసుపు రాసి బొట్టు పెట్టింది. నేనేం అనలేదు. డబ్బులు ఆమెవి.

అదే రాత్రి మావయ్య ఇంటికి పరిగెత్తి లెన్సు తెచ్చి తగిలించాను. తెర మీద ఎఫ్ఈఈ అని మూడక్షరాలు మిణుకుమంటున్నాయి. ఫొటో తీయదు. పాడైపోయిందనుకున్నాను. ముప్ఫై వేల చీటీ కళ్ళ ముందు తిరిగింది. పొద్దున్న మావయ్య చూసి లెన్సు మీది రింగుని 22 అంకె దాకా తిప్పి లాక్ చేశాడు. అప్పుడు పలికింది. పలికింది గానీ ఫోకస్ అవ్వదు. ఎంత నొక్కినా లెన్సు కదలదు. విషయం ఏంటంటే ఆ పాత రకం లెన్సులో మోటారు ఉండదు. మోటారు కెమెరా లోపల ఉండాలి. పెద్ద నికాన్‌లకి ఉంటుంది. డి3100 లాంటి చౌక నికాన్‌లకి ఖర్చు తగ్గించడానికి తీసేశారు. కెనాన్‌లో ఆ గొడవే లేదు, 1987 నుంచి వాళ్ళ ఈఎఫ్ లెన్సులన్నిట్లోనూ మోటారు లెన్సులోనే ఉంది. పైగా కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 కొత్తదే ఆరేడు వేలకి దొరికేది. నికాన్‌లో మోటారున్న కొత్త 50 ఎంఎం దానికి రెట్టింపు దాకా ఉండేది. ఆ లెక్కన పేదోడి కెమెరా కెనానే. షాపు వాడు ఆ ఒక్క ముక్క చెప్పుంటే నేను నోరు మూసుకుని కొనుండేవాణ్ణి. వాడు ఫెయిర్ అన్నాడు.

మావయ్యకి ఈ మోటారు సంగతి తెలియదు, ఆయన ఎప్పుడూ చేత్తోనే తిప్పేవాడు. "నీకు మాత్రం చెయ్యి లేదేట్రా?" అన్నాడు. ఆరు నెలలు చేత్తో తిప్పాను. మొహం మీద ఫోకస్ కుదిరితే లోపల మూలన చిన్న పచ్చ చుక్క వెలుగుతుంది. ఆ చుక్క కోసం ఊపిరి బిగబట్టి తీసిన ఫొటోలు నా దగ్గర ఇప్పటికీ మంచివి. పరిగెత్తే పిల్లలు మాత్రం ఒక్కరూ దొరకలేదు.

వన్‌టౌన్‌లో ఇంకో తద్దినం ఉంది. పోర్టు బొగ్గు పొడి, ఖనిజం పొడి. ఆరేసిన బట్టల మీద పడేదే తెరిచిన కెమెరాలోనూ పడుతుంది. మేడ మీద గాలిలో లెన్సు మార్చాననుకోండి, తర్వాత ప్రతి ఫొటోలో ఆకాశం నిండా నల్లటి చుక్కలు. ఇంట్లో తలుపులు వేసి, ఫ్యాను ఆపి, కెమెరా నోరు కిందకి పెట్టి మార్చేవాణ్ణి. అమ్మ నవ్వేది, పసిగుడ్డుకి గుడ్డ మార్చినట్టు మారుస్తున్నాడని.

అమ్మ ఫొటో ఆ నెలలోనే తీశాను. పూర్ణా మార్కెట్ దగ్గర, పొద్దున్న ఆరున్నరకి. నేరేడు పళ్ళ గంప ముందు పెట్టుకుని కూర్చుంది. పైన నీలం టార్పాలిన్ ఉంటే మొహం మీద నీలం కొడుతోంది, కొంచెం ముందుకి జరగమన్నాను. చుక్క ఆమె చెంప మీద పెట్టాను. లెన్సు తిప్పాను. పచ్చ చుక్క వెలిగింది.

చూసుకుంటే నాకు కన్నీళ్ళొచ్చాయి. మొహం మొత్తం ఉంది. నుదుటి మీద మూడు గీతలు, ముక్కు పక్క పుట్టుమచ్చ, చెంప ఎముక మీద పొద్దుటి ఎండ. నేరేడు పళ్ళ మీద ఉన్న నిగారింపే ఆమె మొహం మీద కూడా. పన్నెండుకి పద్దెనిమిది అంగుళాల ప్రింటు వేయించాను, రంగు ఒక్క పిసరు కూడా మార్చొద్దని ల్యాబు కుర్రాడి పక్కన నిలబడి మరీ. ఫ్రేము కట్టించి తెచ్చి నాన్న పక్కన పెట్టాను.

అమ్మ చూసింది. చాలాసేపు చూసింది, లక్షింపేట ముసలామె ఫోను చూసినట్టే.

"ఇంత నల్లగున్నానేట్రా నాను?" అంది.

ఎంత బాగున్నావో చూడమ్మా అన్నాను.

"తీసీ. పక్కన మీ నాన్న దొరలాగుంటే, నాను పనిమనిసి లాగున్నాను."

నాకు కోపం వచ్చింది. షెర్లీ కథ చెప్పాను, కోడాక్ చెప్పాను, చాక్లెట్లు చెప్పాను. మన రంగు మన ఆత్మగౌరవం అన్నాను. మీటింగులో మాట్లాడినట్టే మాట్లాడాను. అమ్మ గంపలో పళ్ళు తుడుచుకుంటూ అంతా వింది.

"ఆ షెర్లీ ఎవులో నాకు తెల్దు గానీ, బజార్ల కూకుంటే కొనొచ్చినోలు నన్ను ఏటని పిలుస్తారో తెలుసా? ఒసే నల్లదానా, కేజీ ఎంతే అంటారు. ముప్పయ్యేళ్ళ నుంచి పడతన్నాను. గోడ మీద కూడా అదే పడమంటావా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆత్మగౌరవం గురించి నేను చాలా రాశాను, మీరు చాలా లైకులు కొట్టారు. ఆ ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోతాను. నేను ఆఫీసు కుర్చీలో కూర్చుని నలుపు గురించి చదివాను. ఆమె ఎండలో కూర్చుని విన్నది.

ఆ ఆదివారం మళ్ళీ తీశాను. పట్టుచీర కట్టుకుంది. పౌడరు ఎంత రాసిందంటే చెవుల దగ్గర గీత కనపడుతోంది. కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెలుతురు ఒక మెట్టు ఎక్కువ పెట్టి తీశాను. తెల్లగానే వచ్చింది. నాన్న పక్కన అదే వేలాడుతోంది ఈ రోజుకీ. నేరేడు పళ్ళ ఫొటో నా ట్రంకు పెట్టెలో ఉంది.

సెప్టెంబరులో లక్షింపేట మళ్ళీ వెళ్ళాను. ముసలామె అదే గుమ్మం ముందు ఉంది. అదే తెల్లటి ఆకాశం. చుక్క చెంప మీద పెట్టి తీశాను, ఆకాశం కాగితంలా పాలిపోయింది, పోనీ అనుకున్నాను. పదిహేను రోజులకి ప్రింటు పట్టుకెళ్ళి ఇచ్చాను. ముందు వెనక గోడ చూసి "ఈ పగులు మా గోడదే" అంది. తర్వాత తనని చూసుకుంది. నల్లగా ఉన్నానని గానీ బాగున్నానని గానీ ఏమీ అనలేదు. రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరు తెప్పించి అందులో పెట్టుకుంది.

రేకుల సంగతి అడుగుతారు కదా. వచ్చే ఏడు అన్నది రెండేళ్ళయింది. 2014 అక్టోబరు 12న హుదూద్ వచ్చి ఆ పగిలిన రేకులు కూడా పట్టుకుపోయింది. కెమెరాని పాలిథిన్ కవర్లలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించి, ఆ డబ్బా మీద నేను కూర్చున్నాను రాత్రంతా. తెల్లారాక వీధిలో ప్రతి ఇల్లూ తీశాను. కూలిన గోడ ముందు ఆ ఇంటివాళ్ళని నిలబెట్టి, మొహం కనపడేలా. తర్వాత నష్టం రాసుకోడానికి వచ్చినవాళ్ళు కొన్ని ఇళ్ళు జాబితాలో వదిలేస్తే ఆ ప్రింట్లు పట్టుకుని తిరిగాం. కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. కొత్త రేకులు వేసున్నా గాలికి పోయేవే అని నేను అంటాను. బోల్టులు బిగించి ఏస్తే ఉండేవి అని అమ్మ అంటుంది. ఇది తేలలేదు.

ఇక గాజువాక కుర్రాడికి చెప్పిన సంగతి. రెండు కంపెనీలూ 2018 నుంచి మిర్రర్‌లెస్ వైపు మళ్ళాయి కాబట్టి పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు ఇప్పుడు చవక, మంచిదే. లెన్సులోకి టార్చి కొట్టి చూడు, మన సముద్రపు గాలికి లోపల బూజు సాలెగూడులా పడుతుంది, ఉంటే వదిలెయ్. షట్టర్ ఎన్ని వేలసార్లు కొట్టిందో అడుగు. మీ వాళ్ళలో ఎవరి దగ్గర ఏ కంపెనీ లెన్సులున్నాయో చూసి ఆ ఇంటి సంబంధమే చేసుకో. నికాన్ అయితే మోటారు ఉందో లేదో చూసుకో, నాలా మోసపోకు. స్పాట్ మీటరింగ్ ఉందో లేదో చూడు. వాడు అన్నీ ఫోనులో రాసుకున్నాడు.

లేచి చెప్పులేసుకుంటుంటే లోపల్నుంచి అమ్మ వచ్చింది. ఇంతసేపూ వింటూనే ఉందన్నమాట.

"బాబూ, మావోడి మాట ఇనకు. కెనానే కొనుక్కో" అంది. "నికానోడు ఎలుపు సెయ్యడు."